బూనిమ్ పారబొయ్యని నీళ్ళు

బూనిమ్ సంగతి చెప్పమని నన్నెవరూ అడగలేదు. అయినా చెప్తాను. అతని పట్ల నేను చేసిన పాపం ఒకటుంది. అది నాతోపాటే మట్టిలోకి పోతుందనుకుంటే నాకు ఊపిరాడదు.

నా పేరు గెత్సెల్. పెసోచ్నాలో మా యూదుల ప్రార్థన ఇంటికి బంట్రోతుని. పొద్దున్నే కిటికీ తలుపులు తట్టి మగాళ్ళను లేపడం, పొయ్యి రాజెయ్యడం, పదిమంది అయ్యారో లేదో లెక్కపెట్టడం నా పని. మావాళ్ళు మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు, దిష్టి తగులుతుందని. "ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు" అంటూ పోవాలి. "పది కాదు" అని వచ్చిందా, పుస్తకాలు తెరుస్తాం. "తొమ్మిది కాదు" దగ్గర ఆగిపోయిందా, ఎవరి మటుకు వాళ్ళు నాలుగు ముక్కలు గొణుక్కుని ఇంటికి పోతాం. పోయినవాళ్ళ కోసం కొడుకులు లేచి నిలబడి చెప్పే కద్దిష్ ఆ పూటకి లేనట్టే. మాది నేమన్ నది ఒడ్డున పన్నెండు గడపల ఊరు. ఆ పదిమందినీ పోగుచేసేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చేది.

బూనిమ్ మా ఊరి స్నానాల కొట్టం చూసేవాడు. మనిషి పొట్టి, భుజాలు మాత్రం ఎద్దు భుజాలు. పొద్దున కావడి వేసుకుని ఇంటింటికీ నీళ్ళు మోసేవాడు. మధ్యాహ్నం కొట్టంలో ఊటమడుగు శుభ్రం చేసేవాడు. నెలసరి తీరిన ఆడవాళ్ళు శుద్ధి కోసం మునిగేది ఆ మడుగులోనే. అందులోకి నీళ్ళు నేలలోంచి వాటంతటవే ఊరి రావాలి. చేత్తో మోసుకొచ్చి పోస్తే మడుగు చెడుతుంది.

"చూశావురా గెత్సెలూ, ఊరందరికీ నీళ్ళు మోసేవాణ్ణి, నా కొట్టంలో ఒక్క చెంబు పొయ్యడానికి నాకు హక్కు లేదు. దేవుడు నన్ను బాగానే కనిపెట్టాడు!" అని తనమీద తనే నవ్వుకునేవాడు.

అతనికి ఇంకో పని కూడా ఉండేది. మగవాళ్ళెవరు పోయినా శవాన్ని కడిగేది అతనే. ముప్పై ఏళ్ళు కడిగాడు. మా నాన్ననీ అతనే కడిగాడు. ఒళ్ళంతా శుభ్రం చేశాక చివర్న తొమ్మిది కొలతల నీళ్ళు తల నుంచి పాదాల దాకా తెగకుండా పొయ్యాలి. ఒక బాల్చీ అయిపోకముందే రెండో బాల్చీ ధార దాంతో కలవాలి. మధ్యలో తెగిందా, మళ్ళీ మొదటికి. బూనిమ్ చేతిలో ధార తెగడం నేనెన్నడూ చూడలేదు. పాపం, చదువు అంతంతమాత్రం. ప్రార్థన పుస్తకం కూడా కూడబలుక్కునే చదివేవాడు. కానీ శవం మీద నీళ్ళు పోసేటప్పుడు అతని మొహం చూస్తే మా గురువు రబ్బీ గారికంటే పెద్ద పండితుడనిపించేది. కడగడం అయ్యాక శవం చెవి దగ్గర వంగి పేరు పెట్టి పిలిచి, "నా చెయ్యి ఎక్కడైనా మోటుగా తగిలితే మన్నించు నాయనా" అనేవాడు.

అతనికి ఒక్కడే కొడుకు, ఫాలిక్. పందొమ్మిదేళ్ళవాడు. వసంతంలో మంచు కరగగానే దుంగల తెప్పల మీద నది దిగువకి పోయేవాడు. ఆ ఏడాది నది వంపు దగ్గర తెప్ప తాళ్ళు తెగి, దుంగల మధ్య జారి కిందికి పోయాడు. ముగ్గురు తెప్పవాళ్ళు కళ్ళారా చూశారు. దుంగలు మూసుకున్నాయి, వాడు తేలలేదు. నాలుగు రోజులు కొక్కేలతో దేవారు. టోపీ దొరికింది, వాడు దొరకలేదు.

మా దాంట్లో ఒక ఇంట్లో మనిషి పోతే ఆ ఇంట్లో నిలవున్న నీళ్ళన్నీ వీధిలో పారబోస్తారు. ఇరుగుపొరుగు కూడా పారబోస్తారు. నోటితో చెప్పక్కర్లేదు, గడప ముందు తడి చూస్తే ఊరికి తెలిసిపోతుంది. కబురు రాగానే ఆడవాళ్ళు బూనిమ్ ఇంటికి వెళ్ళారు. అతని పెళ్ళాం ద్వోష పొయ్యి కెలికే ఇనపకడ్డీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏదీ శవం? ముందు చూపించండి, తర్వాత పారబోద్దురు గాని. నా ఇంట్లో చుక్క కింద పడిందా, మీ కాళ్ళు విరగ్గొడతాను!"

అని, నీళ్ళ బాల్చీ మీద మూత పెట్టింది. మూత మీద ఫాలిక్ టోపీ పెట్టింది. ఆడవాళ్ళు వెనక్కి తిరిగారు.

ఇక్కడే మొదలైంది అసలు చిక్కు. సొంతవాళ్ళ శవం పూడ్చిపెట్టకుండా ఉన్నంతసేపూ మనిషికి ప్రార్థన నుంచి విడుపు. పొద్దుటి ప్రార్థనకి చేతికీ నుదుటికీ తోలుపట్టీలు కట్టుకోడు, భోజనం ముందు స్తుతి చెప్పడు, మాంసం ముట్టడు, పదిమందిలో లెక్కకి రాడు. మట్టి కప్పాకే సంతాపం మొదలవుతుంది, అప్పుడే కద్దిష్. మరి శవమే దొరకనివాడి సంగతేంటి? ఇక దొరకడని ఆశ వదులుకున్న ఘడియ నుంచి సంతాపం మొదలని పెద్దల మాట. వదులుకోనంత కాలం? బూనిమ్ వదులుకోలేదు. తన చేత్తో కడిగి, తొమ్మిది కొలతలూ పోసి, కొడుకు చెవిలో ఆ మాట చెప్పాలి. ముప్పై ఏళ్ళు ఊరందరికీ చేసింది తన బిడ్డకి చెయ్యాలి. అతనికి కావలసింది అంతే. కొట్టంలో శవస్నానపు బల్ల తుడిచి పెట్టుకున్నాడు, నారబట్ట కుట్టించి పెట్టుకున్నాడు. రోజూ నీళ్ళు మొయ్యడం అయ్యాక కొక్కెం కర్ర భుజాన వేసుకుని నదికి పోయేవాడు. ప్రార్థన ఇంటి గుమ్మం తొక్కలేదు.

వేసవంతా ఇదే వాదన. సాయంత్రం తాల్ముద్ ధర్మగ్రంథం పాఠం దగ్గర మా రబ్బీ షఖ్నా గారూ, మరమిల్లు జూందెల్ కొట్టుకున్నంత పని చేసేవాళ్ళు.

"పూడ్చే భారం తన మీదున్నంత కాలం శవం ఎదురుగా ఉన్నట్టే లెక్క. కళ్ళముందు ఉందా, నది అడుగున ఉందా అని లేదు. బూనిమ్‌కి విడుపే," అనేవారు రబ్బీ.

"వెతుకుతున్నంత కాలం సరే రబ్బీ గారూ! రేపు నది గడ్డకడుతుంది. మంచు కింద ఏం దేవుతాడు? చెయ్యలేని పనికి భారం ఎక్కడిది? భారం లేకపోతే విడుపూ లేదు. వచ్చి పట్టీలు కట్టుకోమనండి!"

"మంచు కరగదా?"

"పస్కా పండక్కి కరుగుతుంది. అందాకా దేవుడికి సెలవా?"

"నీకేం పోయిందయ్యా జూందెల్? నీ కొడుకులు నలుగురూ పొయ్యి పక్కన రొట్టె తింటున్నారు," అని నేను అందుకున్నాను. చూశారా, అప్పుడు నేను బూనిమ్ పక్షమే. మాట తేలిక, నా మీదికి రానంతవరకూ.

నది గడ్డకట్టింది. బూనిమ్ ఈ వాదన విన్నాడో లేదో నాకు తెలియదు. గొడ్డలి తీసుకెళ్ళి మంచుకి కన్నాలు పెట్టడం మొదలుపెట్టాడు. ఒక కన్నం, అందులోంచి కర్ర దింపి నాలుగు పక్కలా తిప్పడం, పది అడుగులు నడిచి ఇంకో కన్నం. మర్నాటికి నిన్నటివి మూసుకుపోయేవి. వాటి పక్కనే మళ్ళీ కొట్టేవాడు. చేతులు పగిలి నెత్తురు కారేది. మా అమ్మ బాష్కా చిక్కుళ్ళ పులుసు కాచి, గిన్నెకి గుడ్డ చుట్టి, నా చేతికిచ్చి మంచు మీదికి పంపేది.

"అడక్కు వాణ్ణి ఏమీ. గిన్నె ఇచ్చి రా. నీ నోరు మంచిది కాదు," అనేది. కన్నతల్లికి తెలియదూ నా నోటి సంగతి!

ఆ చలికాలానికి మా మగాళ్ళు సరిగ్గా పదిమంది మిగిలారు, బూనిమ్‌తో కలిపి. ఒక ముసలాయన పోయాడు, ఒకణ్ణి పట్నం పట్టుకుపోయారు సిపాయిగా. బూనిమ్ రాడు కాబట్టి పదోవాడుగా బురదనేల అవతల తారు కాచేవాణ్ణి బతిమాలి తెచ్చేవాణ్ణి. వాడొస్తే ప్రార్థన, లేకపోతే లేదు.

మా అమ్మ పోయింది. మూడు రోజులు దగ్గింది, నాలుగో రోజు పొద్దున పిలిస్తే పలకలేదు. రెండు రోజులుగా మంచు ఎడతెగకుండా కురుస్తోంది, బురదనేల దారి కనిపించడం లేదు. తారువాడు రాలేదు. ఆడవాళ్ళు అమ్మని కడిగారు, నీళ్ళు బూనిమ్ మోసిపెట్టాడు. నేల రాయిలా ఉంటే మంట వేసి మెత్తబరిచి గొయ్యి తవ్వింది కూడా అతనే. మధ్యాహ్నానికి అమ్మని దింపాం. ఆ ఒక్క పూటా నేనూ విడుపులోనే ఉన్నాను. నిజం చెప్పొద్దూ, దేవుడితో ఏమీ మాట్లాడక్కర్లేని ఆ పూట నాకు హాయిగానే ఉంది. అప్పుడైనా బూనిమ్ నాకు అర్థం కావలసింది. కాలేదు.

మట్టి కప్పాం. కప్పగానే నేను మళ్ళీ లెక్కలోకి వచ్చాను. నా పనే కాబట్టి నేనే మొదలుపెట్టాను. ఒకటి కాదు, రెండు కాదు... తొమ్మిది కాదు. ఆగిపోయింది. మా అమ్మ గోతి ఎదురుగా, బంట్రోతునయ్యాక మొదటిసారి నా కోసం లెక్కపెట్టుకుంటే, తొమ్మిది కాదు. శ్మశానం కంచె అవతల పార మీద చెయ్యి ఆనించి బూనిమ్ నిలబడి ఉన్నాడు.

నాకు ఒళ్ళు తెలియలేదు.

"ఏం బూనిమన్నా, లోపలికొస్తే కాళ్ళు అరిగిపోతాయా? మా అమ్మ పులుసు ఆరునూరైనా నీకు మంచు మీదికి పంపింది. ఇవాళ ఆవిడ కోసం నాలుగు ముక్కలు చెప్పుకోడానికి నాకు మనిషి లేడు. నీ కొడుకు చచ్చిపోయాడని ఊరికంతా తెలుసు, కుక్కలకి కూడా తెలుసు. నీ ఒక్కడికే తెలీదా?"

"గెత్సెల్, నోరు ముయ్యి!" అని రబ్బీ అరిచారు.

నేను ముయ్యలేదు. "వాడికీ కద్దిష్ లేకుండా చేశావు, మా అమ్మకీ లేకుండా చేస్తున్నావు! ఆ చేపలు తినగా మిగిలింది నీకు దొరికినా కడగడానికేం ఉంటుంది?"

ఈ మాట అన్నాను. ఇన్నేళ్ళకి కూడా రాయాలంటే చెయ్యి రావడం లేదు, కానీ అన్నాను.

బూనిమ్ పార కింద పెట్టాడు. కంచె దాటి లోపలికి వచ్చాడు. నా వైపు చూడలేదు. రబ్బీ గారిని అడిగాడు.

"ఒక్క మాట అంటే చాలా రబ్బీ గారూ?"

"మాట కాదు బూనిమ్, మనసు. మనసులో వదులుకోవాలి. నిన్నెవరూ బలవంతం చెయ్యరు."

"మనసు సంగతి నాకెట్లా తెలుస్తుందండీ? చదువుకున్నవాణ్ణి కాదు."

"రేపు నదికి వెళ్తావా?" అన్నారు రబ్బీ.

బూనిమ్ తన చేతుల వైపు చూసుకున్నాడు. వాటికి గుడ్డ పీలికలు చుట్టి ఉన్నాయి.

"వెళ్ళను," అన్నాడు. "వదులుకున్నాను."

జూందెల్ కూడా తల దించుకున్నాడు, వాదన గెలిచినవాడు. రబ్బీ సంతాపానికి గుర్తుగా చాకుతో బూనిమ్ కోటు అంచు కోశారు, అక్కణ్ణుంచి బూనిమ్ తన చేత్తోనే జానెడు చించుకున్నాడు. తల్లికి ఎడమ పక్క, గుండె మీద చింపుకుంటాం, కొడుక్కి కుడి పక్క. ఇద్దరం చిరిగిన కోట్లతో పక్కపక్కన నిలబడ్డాం. "పది కాదు" అన్నాను. ఇద్దరం కలిసి కద్దిష్ చెప్పాం. నేను గబగబా చెప్తుంటే అతను ఒక్కో మాటా కూడబలుక్కుని నా వెనకాల వచ్చాడు. అతని కోసం ఆగాలన్న బుద్ధి కూడా నాకు లేకపోయింది.

ఆ వారం నేను నా ఇంట్లో సంతాపానికి కూర్చున్నాను కాబట్టి బూనిమ్ ఇంట్లో ఏం జరిగిందో కళ్ళతో చూడలేదు. జూందెల్ పెళ్ళాం చెప్పింది. చిరిగిన కోటు చూసి ద్వోష ఏడవలేదట, అరవలేదట. "ఎవడడిగాడు నిన్ను?" అందట. సంతాపం ఇంటికి ఇవ్వాల్సిన గుడ్లూ రొట్టే తను తీసుకెళ్ళి ఇస్తే, "మా ఇంట్లో ఎవరూ పోలేదమ్మా. ఆయనకెవరో పోయారట, ఆయన్నే తినమనండి" అని తలుపు వేసుకుందట. బూనిమ్ ఒక్కడే నేల మీద కూర్చున్నాడు. బాల్చీ మూత మీద టోపీ అలాగే ఉంది.

ఎనిమిదో రోజు నుంచి బూనిమ్ ప్రార్థనకి వచ్చాడు. పొద్దునా సాయంత్రం, ఒక్క పూట తప్పకుండా. పట్టీలు కట్టుకునేవాడు, వెనక బెంచీ మీద కూర్చునేవాడు. తనమీద తను నవ్వుకోవడం మానేశాడు. నదికి పోలేదు. వసంతంలో మంచు విరిగి ధడధడ కొట్టుకుపోతుంటే ఊరంతా చూడ్డానికి పోయాం, అతను కొట్టంలో మడుగు మెట్లు తోముతూ కూర్చున్నాడు. ద్వోష పోయింది ఒడ్డుకి. ఆ వసంతమే కాదు, ప్రతి వసంతం. మొగుడితో ఆవిడ మాటలు "తిను", "తలుపెయ్యి", ఈ రెండే. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నేను చూడలేదు. మా అమ్మ పోయి ఏడాది గడిచింది. కద్దిష్ చెప్పిన ప్రతిసారీ ఒకటే అనిపించేది, ఆవిడే బతికుంటే నా చెంప పగలగొట్టేదని. ఎన్నిసార్లో బూనిమ్ దగ్గర తప్పు ఒప్పుకుందామని నోరు తెరిచాను. అంత మాట అన్న నోరు ఆ ఒక్క మాటకి రాలేదు.

ఎనిమిదేళ్ళు అట్లా గడిచాయి. ఎనిమిదేళ్ళూ ఆ బాల్చీలో నీళ్ళు రోజూ తాజాగా ఉండేవి. ద్వోషే మారుస్తోందని అందరం అనుకున్నాం. పిచ్చిది, పోనీలే, అనుకున్నాం.

పోయిన ఆకురాలు కాలంలో ద్వోష పోయింది. ఈసారి ఆపేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఆడవాళ్ళు ఇంట్లో నీళ్ళన్నీ గడప ముందు పారబోశారు. కుండలో నీళ్ళు, కెటిల్లో నీళ్ళు, చేతులు కడుక్కునే చెంబులో నీళ్ళు. టోపీ ఉన్న బాల్చీ దగ్గరకొచ్చి ఆగిపోయారు. నేను అప్పుడక్కడే ఉన్నాను, శవాన్ని మొయ్యడానికి కర్రలు తెచ్చి.

"అది దానిది కాదు," అన్నాడు బూనిమ్. "వాడిది. నేను చూసుకుంటాను."

టోపీ తీసి తన కోటు లోపల పెట్టుకున్నాడు. మూత తీశాడు. లోపల నీళ్ళు నిర్మలంగా ఉన్నాయి, ఆ పొద్దుటివే. మంచం పట్టిన ద్వోష రెండు వారాలుగా లేవలేదని నాకప్పుడు గుర్తొచ్చింది.

"రోజూ నువ్వే నింపావా బూనిమన్నా?" అన్నాను.

"నీళ్ళు మోసేవాణ్ణి కదరా. అది మూత పెట్టేది, నేను నింపేవాణ్ణి. దానికీ తెలుసు."

బాల్చీ ఎత్తి గడప మీద నిలబడ్డాడు. గుమ్మరించలేదు. శవం మీద పోసినట్టు తల దగ్గర మొదలుపెట్టి పాదాల దాకా, మెల్లగా, ఒక మనిషి పొడుగున, ధార తెగకుండా పోశాడు. మట్టి మీద ఒక మనిషంత తడి పడింది. ఆ తడి దగ్గర వంగి, "ఫాలిక్, నా చెయ్యి ఎక్కడైనా మోటుగా తగిలితే మన్నించు నాయనా" అన్నాడు. తర్వాత ఖాళీ బాల్చీని బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

నేను అతని కాళ్ళ దగ్గర కూలబడ్డాను. "ఆ రోజు నేనన్న మాటకి నన్ను చంపినా పాపం లేదు అన్నా," అన్నాను.

"నువ్వన్నదాన్లో అబద్ధం లేదురా గెత్సెలూ. అబద్ధమాడింది నేను." అతను తడి వైపే చూస్తున్నాడు. "మీ అమ్మ పులుసు గుర్తొచ్చి అనేశాను. మనసులో వదులుకోలేదు. ఇదిగో, ఇప్పుడు వదులుకున్నాను. ఆ రోజు గోతి దగ్గర మీరు తొమ్మిదిమందే."

సాయంత్రం ద్వోషని పూడ్చాక లెక్క పెట్టాల్సింది నేనే. "పది కాదు" అన్నాను, ఈసారి నిజంగానే పది. బూనిమ్ ఇద్దరికీ కలిపి కద్దిష్ చెప్పాడు, కూడబలుక్కుని. ఈసారి నేను ఆగి ఆగి అతని వెంట చెప్పాను. మా అమ్మ గోతి అక్కడికి నాలుగు అడుగుల దూరం. ఆవిడకి ఆ రోజు చెప్పిన కద్దిష్ చెల్లలేదని చెప్పుకోవాలి, ఎందుకు చెల్లలేదో చెప్పుకోవాలి. ఇంకా వెళ్ళలేదు.